మొగ దగ్గర తెలుపు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక, గవర్నర్‌పేటలో పెళ్ళికార్డుల హోల్‌సేల్ దుకాణం పైనున్న మూడో అంతస్తుకి ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు ఉంది గానీ, అది పనిచేసిన రోజున ఆఫీసులో స్వీట్లు పంచుకోవాలి. యాభై దాటిన మనిషి. ఎండకి నల్లబడ్డ ఒళ్ళు, మడత నలగని చొక్కా, చేతిలో చెప్పులు. కింద విప్పితే పోతాయేమోనని చేత్తో పట్టుకుని ఎక్కినట్టున్నాడు. గుమ్మం ఇవతలే నిలబడి, "అలజాడ ఆపీసు ఇదేనాండీ?" అని అడిగాడు.

వినీల కంప్యూటర్ మీంచి తలెత్తింది. అలజాడ వాళ్ళు తయారుచేసిన ఫోన్ యాప్. సముద్రం మీద గాలి ఎంత ఉంది, అల ఎంత ఎత్తు లేస్తుంది అన్నది రంగుల్లో చూపిస్తుంది. తెల్లవారుజామున వాతావరణ కేంద్రం నుంచి కొండంత అంకెల మూట దిగుతుంది. ఆ మూట విప్పి, తీరం పొడవునా సముద్రాన్ని చదరాలుగా కోసి, ఒక్కో చదరానికి ఒక్కో రంగు పూసే ప్రోగ్రాం వినీల రాసిందే. అల మీటరు లోపుంటే ఆకుపచ్చ, రెండు లోపుంటే పసుపు, ఆపైన ఎరుపు. నాలుగేళ్ళుగా రోజూ సముద్రానికి రంగులేస్తోంది గానీ ఆ పిల్ల సముద్రాన్ని చూసింది రెండే రెండుసార్లు, అది కూడా స్కూలు పిక్నిక్‌లో, టీచరు ఈల వేసేదాకా.

"ఇదేనండి. రండి, కూర్చోండి" అంది.

ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పులు కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టుకున్నాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు ఎత్తి, పెదవి తగలకుండా తాగాడు. "నా పేరు కాశీరావండి. మొగపాలెం మాది. కోడూరు అవతల, కిష్ణ సముద్రంలో కలిసేకాడ" అన్నాడు. జేబులోంచి పాలిథిన్ కవరు తీసి, కవరులోంచి ఫోన్ తీసి, దాన్ని బల్ల మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"ఒక్కటే అడిగిపోదామని వచ్చానమ్మా. నిన్న కాదు, అంతకుముందు గురువారం పొద్దున, మా మొగకాడ మీ ఫోన్లో తెల్లగా ఉందా, లేదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వినీల చెయ్యి తనకి తెలియకుండానే మౌస్ మీంచి వెనక్కి జరిగింది.

కాశీరావు అది చూడలేదు. ఫోన్ వైపే చూస్తూ నిదానంగా చెప్పుకొచ్చాడు. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే నోటి దగ్గర, ఇసకమేట రోజూ ఒకే చోట ఉండదు. నిన్న పడవ పోయిన దారిలో ఇవాళ మోకాలిలోతు కూడా ఉండకపోవచ్చు. అందుకని పొద్దున్నే ఒకడు అందరికంటే ముందు చిన్న పడవ మీద వెళ్ళి, వెదురు గెడ దించి లోతు చూసి, అల ఎక్కడ విరుగుతోందో చూసి, ఆ గెడనే ఒడ్డున పాతి గుడ్డ కడతాడు. తెల్లగుడ్డ కడితే దారి బాగుంది, వెళ్ళొచ్చు. ఎర్రగుడ్డయితే ఆగాలి. ఊళ్ళో ఇరవై ఆరు పడవలు ఆ గుడ్డ చూసి కదులుతాయి.

"ఆ పని పదిహేడేళ్ళుగా నాదేనమ్మా. అంతకుముందు మా నాయనది. గుడ్డ కూడా ఎవరిదంటే ఆళ్ళది కట్టంగూడదు. ఇంటి ఆడపడుచు తన పాత కోకలోంచి చింపియ్యాలి. మా చెల్లెలు పేరమ్మ ఇస్తది. ఇచ్చేది."

ఆ చివరి మాట దగ్గర ఆగి ఆయన మళ్ళీ నీళ్ళు తాగాడు.

"రెండు నెల్ల నుంచీ చూస్తన్నా. చుట్టూ ఏ రంగున్నా మొగకాడ మాత్తరం తెల్లగానే ఉంటది. ఇక్కడ నేను గెడేసి చూసినా బాగానే ఉంటది. మా గుడ్డ సంగతి మీకు తెలిసే తెలుపెట్టారనుకున్నా. ఆకాశంలోంచి చూసేవోళ్ళు కదా. ఆ గురువారం నాకు జొరం. గెడెయ్యకుండా, ఫోన్ చూసి గుడ్డ కట్టా. అది నా తప్పే, కాదన్ను. ముందు ఎల్లింది మా బావ, పేరమ్మ మొగుడి పడవే. మేట మీద అల లేచి తిరగేసింది. అందరూ ఈదుకొచ్చారు గానీ మా బావకి భుజం ఇరిగింది. ఎంటనే మీ నంబరుకి ఫోన్ చేసి చెప్పా, మీది తెలుపు చూపించింది, ఇట్టా అయ్యిందని. చూస్తామన్నారు. సాయంత్రం పెద్దలు కూర్చుని, ఏదీ ఆ తెలుపు చూపించు అన్నారు. ఫోన్ తీస్తే తెలుపు లేదు. పసుపుంది. పదిమందీ చూశారు. పసుపు చూసి తెల్లగుడ్డ కట్టావా, లేకపోతే అసలు చూడకుండానే బద్దకించి ఇప్పుడు ఫోన్ మీదకి నెడతన్నావా అన్నారు. పేరమ్మ కూడా అంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటల్లా. నా చేతిలోంచి గెడ తీసేసుకున్నారు."

వినీలకి ఆ గురువారం గుర్తుంది. పదిన్నరకి వాళ్ళ కంపెనీ యజమాని సూర్యప్రకాష్ తన గదిలోంచి తొంగిచూసి, "వినీలా, కృష్ణ మొగ దగ్గర తెల్లమచ్చ ఉందని ఎవరో ఫోన్ చేశారు. చూడ్డానికి అతుకేసినట్టుంది. పక్క చదరాల సగటు తీసి నింపెయ్" అన్నాడు. పడవ సంగతి చెప్పలేదు. తను అడగలేదు కూడా. పది నిమిషాల్లో నింపేసింది. నదీ సముద్రమూ కలిసే ఆ చదరం సగం నేల, సగం నీరు. పెద్ద లెక్కలకి అది అందదు, అంకె రాదు. అంకె రానిచోట తెలుపు పెట్టాలన్నది అంతకుముందు వినీల చేసిన నిర్ణయమే. ఆమె దృష్టిలో తెలుపంటే ఏమీ రాయని కాగితం. ఆ మాట పటం కింద ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది.

అంటే ఈయన చేసిన ఫోనే ఈయన సాక్ష్యాన్ని చెరిపేసింది. చెరిపిన చెయ్యి తనది.

ఆమె నోరు తెరిచేలోపు సూర్యప్రకాష్ గదిలోంచి బయటికొచ్చాడు. తలుపు పల్చనిది, లోపలికి అంతా వినబడే ఉంటుంది. మనిషి చెడ్డవాడు కాదు. పదకొండు మంది జీతాలు నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు, సోమవారం నాడు మత్స్యశాఖ అధికారులు యాప్ చూడ్డానికి వస్తున్నారని వారం రోజులుగా నిద్ర సరిగ్గా లేనివాడు. చేతులు కట్టుకుని చాలా మర్యాదగా, "పాతరోజుల పటాలు మా దగ్గర ఉండవండి కాశీరావుగారూ. రోజురోజుకీ మారిపోతుంటాయి" అన్నాడు.

కాశీరావు వినీల వైపు చూశాడు. వినీల కీబోర్డు వైపు చూసింది.

"ఉండవా. సరేనండి" అని ఆయన లేచాడు. ఫోన్‌ని మళ్ళీ కవరులో చుట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కొచ్చి, సంచిలోంచి ఒక పొట్లం తీసి వినీల బల్ల మీద పెట్టాడు. "ఎండురొయ్యలమ్మా. ఆపీసులో అందరూ పంచుకోండి. ఒట్టిచేతుల్తో రాకూడదని తెచ్చా."

మెట్లు దిగుతున్నప్పుడు కూడా చెప్పులు చేతిలోనే ఉన్నాయి. కిందిదాకా వట్టికాళ్ళ చప్పుడే వినబడింది.

ఆ సాయంత్రం కంకిపాడులో, వాకిట్లో క్రిస్మస్ స్టార్‌కి బల్బు పెడుతున్న తల్లి హన్నా, కూతురు సంచి దింపగానే ముక్కు ఎగబీల్చింది. హన్నా ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. వాసనని బట్టే మనిషి ఒంట్లో ఏముందో చెప్పగలనంటుంది. "మంచి సరుకే. ఎవరిచ్చారే?" అంటూ ఆ పొట్లం తీసుకెళ్ళి గోంగూరలో వేసింది. వినీలకి ముద్ద దిగలేదు. సంగతంతా చెప్పేసింది.

"అబద్ధం నేనాడలేదమ్మా. నేను మాట్లాడలేదు, అంతే."

హన్నా ఓదార్చలేదు. అది ఆవిడకి చేతకాదు. కంచంలో ఇంకో గరిటె వేసి, "డ్యూటీలో ఉండగా పేషెంటుకి నాడి చూస్తాం కదా. ఒక్కోసారి దొరకదు. అప్పుడు చార్టులో ఏం రాయాలి?" అంది.

"ఏం రాస్తారు?"

"సున్నా రాస్తే మనిషి పోయాడని అర్థం. ఖాళీ వదిలేస్తే నేను చూళ్ళేదని అర్థం. పక్క మంచం వాడి అంకె ఎక్కించేస్తే నేను జైలుకెళ్ళాలి. దొరకలేదు అని రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ ఒక్క మాట రాయడానికి సిగ్గుపడేవాళ్ళ చేతిలోనే మనుషులు పోతారు. నువ్వు తిను, చల్లారిపోతోంది."

శనివారం వినీల ఎనిమిదింటికే ఆఫీసు తలుపు తీసింది. పాత పటాలు లేకపోవడమేమిటి, మొదటి రోజు నుంచి ఒక్కటీ పోకుండా దాచే ప్రోగ్రాం కూడా ఆమె రాసిందే. తేదీ కొట్టింది, పొద్దున అయిదున్నర అని కొట్టింది. పటం వచ్చింది. దివిసీమ అంచున పసుపు చదరాల వరసలో పన్ను ఊడినచోటులా ఒక్క తెల్ల చదరం. ఆమె దాన్ని పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. తెర నిండా తెలుపే అయింది. ఈ తెలుపుని నమ్మి ఒక మనిషి జ్వరంతో దుప్పటి కప్పుకుని ఒడ్డుకి నడిచాడు. అప్పుడామెకి ఏడుపొచ్చింది. ఆఫీసులో ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చింది.

సూర్యప్రకాష్ వచ్చేసరికి రెండు పటాలు పక్కపక్కన తెర మీద ఉన్నాయి. ఒకటి ఆ గురువారంది. రెండోది ఆమె కొత్తగా వేసి చూసింది. మొగ దగ్గర తెలుపూ లేదు, పసుపూ లేదు. నీలం మీద బూడిదరంగు అడ్డచారలు, మధ్యలో తెలుగులో ఒకే మాట: తెలియదు.

ఆయన నిలబడే చూశాడు. "పెళ్ళిచూపుల్లో కూర్చుని, మా అమ్మాయికి ఫలానా వంట రాదని మనమే చెప్పుకుంటామా?"

"రాని వంట వచ్చని చెప్తే, మర్నాడు అది తినేవాళ్ళుంటారు కదా సార్."

ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడు వినీలా, నేను ఆ రోజు పడవ సంగతి నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు ఇలాగే చేస్తావని తెలుసు. కంపెనీ పేరు మీద ఒక కాగితం బయటికెళ్తే రేపు దాన్ని పట్టుకుని ఎవరెవరు వస్తారో తెలియదు. ఈ ఒక్క చదరం కోసం మిగతా సముద్రమంతా పోగొట్టుకోమంటావా?"

"ఆయనకి కావలసింది ఆ ఒక్క చదరమే సార్. పదిహేడేళ్ళ మాట పోయింది ఆయనకి. చెల్లెలు మాట్లాడటం లేదట. కాగితం కంపెనీ పేరు మీద వద్దు. నేను వెళ్ళి నా నోటితో చెప్తాను."

ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత లేచి, "సోమవారం దాకా యాప్‌లో ఏదీ ముట్టుకోవద్దు. ఆదివారం నువ్వెక్కడికి వెళ్తావో నాకనవసరం, నేనేమీ వినలేదు" అని తన గదిలోకి వెళ్ళాడు. రెండు నిమిషాలాగి తలుపు సందులోంచి మళ్ళీ గొంతు వచ్చింది. "మన ప్రింటర్‌లో తీయకు. పసుపు అయిపోయింది. కింద జిరాక్స్ షాపులో తీయించు."

ఆదివారం చర్చిలో మొదటి పూజ అవగానే వినీల కంకిపాడు సెంటర్లో అవనిగడ్డ బస్సెక్కింది. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనక అరగంట ఆగింది బస్సు. ఒడిలో అట్టముక్కల మధ్య పెట్టిన పటం ఉంది. ఏం చెప్పాలో దారంతా వరసపెట్టి అనుకుంది, అవనిగడ్డలో దిగేసరికి వరసంతా మరిచిపోయింది. అక్కణ్ణించి కోడూరు వైపు షేర్ ఆటో, ఆ రోడ్డు చివర కాశీరావు మోపెడ్‌తో నిలబడి ఉన్నాడు. శనివారం ఆఫీసు ఫోన్ నుంచి విషయం చెప్పినప్పుడు ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఎండెక్కకముందే రండమ్మా" అన్నాడంతే.

"ముందు మొగ చూపిస్తారా?" అని అడిగింది వినీల.

ఆయన చూపించాడు. ఎర్రమట్టి రంగు నది అలా నడుచుకుంటూ వచ్చి, నీలం నీటి ముందు ఆగి, లోపలికి రమ్మంటారో లేదోనన్నట్టు సందేహించి, పక్కకి తిరిగి కలిసిపోతోంది. ఆ కలిసేచోట తెల్లటి నురగ గీత ఒకటి కదులుతూనే ఉంది. ఒక దగ్గర కొంగలు నీటి మధ్య నిలబడి ఉన్నాయి. నిలబడ్డాయంటే అక్కడ నేల ఉన్నట్టు. ఆమె ఇంతకాలం రంగు వేసిన చదరం ఇదేనన్నమాట. ఇంత ఉంటుందని, ఇన్ని రంగులుంటాయని ఆమె అనుకోలేదు.

కాశీరావు పడవ పక్కన పడున్న పాత గెడ ఒకటి తీసుకుని నడుములోతు దాకా దిగాడు. గెడ దించి, పైకొసన అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "కంటికంటే చేతికి బాగా తెలుస్తదమ్మా. గట్టి ఇసకయితే గెడ ఎదురు తంతది. మెత్తబడితే మేట కదలతా ఉన్నట్టు. ఆ పొద్దు ఒక్కసారి దించుంటే తెలిసేది." కళ్ళు తెరిచి, గెడని కడిగి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు.

వలలు బాగుచేసే పాకలో ఊరిపెద్దతో పాటు పదిహేను మంది మగవాళ్ళు కూర్చున్నారు. పాక బయట ఎండలో ఆడవాళ్ళు రొయ్యలు ఏరుతున్నారు. వాళ్ళలో పేరమ్మ ఎవరో వినీలకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అందరూ వచ్చిన అమ్మాయిని చూస్తుంటే ఒక్కావిడే తల వంచుకుని, కాశీరావు ఉన్న వైపు వీపు పెట్టి, చకచకా తలలు తుంచుతోంది. ఆవిడ పక్కన అరుగు మీద భుజానికి కట్టుతో ఆమె భర్త.

వినీల అట్టముక్కలు విప్పి పటం పెద్దాయన చేతిలో పెట్టింది. అనుకున్న వరస ఎటూ గుర్తులేదు కాబట్టి, ఉన్నది చెప్పింది.

"ఇది ఆ గురువారం పొద్దున అయిదున్నరకి మా యాప్‌లో ఉన్న పటమండి. మొగ దగ్గర తెలుపుంది, చూడండి. ఆ తెలుపు పెట్టింది నేనే. మా లెక్కల్లో అక్కడికి అంకె రాదు. అంకె రాలేదని చెప్పడానికి తెలుపు పెట్టాను. ఇక్కడ తెల్లగుడ్డంటే దారి బాగుందని నాకు తెలియదు. ఎవర్నీ అడగలేదు. కాశీరావుగారు ఫోన్ చేశాక ఆ తెలుపు తీసేసి పసుపు నింపింది కూడా నేనే. పది నిమిషాలు పట్టింది. మీరు సాయంత్రం చూసింది ఆ పసుపే. ఆయన అబద్ధం చెప్పలేదండి."

పటం చేతులు మారుతూ వెళ్ళింది. వేళ్ళకున్న తడికి అంచులు నానాయి, ఒకచోట చేపపొలుసు అంటుకుంది. చదువొచ్చిన ఒకడు తేదీ, టైము పైకి చదివాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే కాశీ చూసింది నిజమే."

"నిజమేనండి."

"గెడెయ్యకుండా కట్టింది కూడా నిజమే."

"నిజమే" అన్నాడు కాశీరావు, వినీల కంటే ముందు.

బయట ఎండలోంచి పేరమ్మ గొంతు వచ్చింది. తల ఎత్తలేదు, చేతులు ఆగలేదు. "ఇప్పుడక్కడ ఏం రంగుందమ్మాయ్?"

"పసుపే ఉందండి. అదీ నిజం కాదు. పక్కవాటిని చూసి నింపింది."

"మరి నిజం చెప్పాలంటే ఏం రంగెట్టాలి?"

"తెలియదని పెట్టాలండి. అడ్డచారలు పెడదామనుకుంటున్నాను."

పేరమ్మ చేతిలో రొయ్య పళ్ళెంలో వేసి, చేతులు కోకకి తుడుచుకుని, అరుగు వెనకున్న తన ఇంట్లోకి వెళ్ళింది. అందరూ ఆ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ తన మొహాన ఏం విసిరినా పడాలనే వినీల నిశ్చయించుకుంది. కాసేపటికి లోపల బట్ట చిరిగిన చప్పుడైంది. ఒకసారి, ఇంకోసారి. మూడో చప్పుడుకి అరుగు మీదున్న భర్త ఉలిక్కిపడి, "ఒసే, అది నా తువ్వాలు కాదు కదా" అన్నాడు.

"భుజం బాగయ్యేదాకా ఎట్టాగూ ఏసుకోవు" అంటూ బయటికొచ్చింది పేరమ్మ. చేతిలో మూడు పేలికలు. ఒకటి తన పాత తెల్లకోకది, ఒకటి ఎర్రది, మూడోది చారల తువ్వాలుది. నేరుగా అన్న దగ్గరికి వెళ్ళి నిలబడింది. "గెడేసి బాగుంటే తెలుపు, బాగోకపోతే ఎరుపు. వేసినా అంతుచిక్కలేదనుకో, జొరమొచ్చి అసలు ఎయ్యలేదనుకో, ఇది కట్టు. తెలవదంటే ఎవరూ నిన్ను కొట్టరు" అంది.

కాశీరావు రెండు చేతులూ చాపాడు. ప్రసాదం పట్టినట్టు పట్టాడు. పెద్దాయన పాక మూల ఆనించి ఉన్న గెడ వైపు గడ్డంతో చూపించి, "రేపట్నుంచి తీసుకో" అన్నాడు.

పేరమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. నాలుగడుగులేసి ఆగి, మొహం ఇటు తిప్పకుండానే, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

అది అన్ననడిగిందో, ఆ అమ్మాయినడిగిందో తెలియలేదు. ఇద్దరికీ వడ్డించింది.

తిరిగొచ్చేటప్పుడు, మోపెడ్ దిగాక, వినీల ఒక మాట అడిగింది. "రోజూ పొద్దున గుడ్డ కట్టగానే నాకొక ఫొటో పంపిస్తారా బాబాయ్? ఆ చదరం మా అంకెలకి అందదు. మీ చేతికి అందుతుంది."

"నా మాట మీ ఫోన్లో ఎడతారా?" అన్నాడాయన. నమ్మలేదు. అయినా నంబరు రాసుకున్నాడు, అరచేతి మీద.

సోమవారం డెల్టా అంతా మంచు దిగింది. కంకిపాడు నుంచి బస్సు లైట్లు వేసుకుని పాకుతూ వచ్చింది. వినీల ఫోన్‌లో ఆరూ పదికి ఒక ఫొటో వచ్చి ఉంది. మంచులో సగం కరిగిపోయిన గెడ, దాని కొసన చారల గుడ్డ. కింద తప్పుల తెలుగులో సందేశం: మంచు దట్టం. గెడ ఏశా, అల కనబడటల్లా. తెలవదు. ఎవరూ ఎల్లలా.

బస్సులోనే లాప్‌టాప్ తెరిచి ఆమె పసుపు తీసేసింది.

ఆఫీసుకి రాగానే సూర్యప్రకాష్‌కి చెప్పేసింది. "మార్చాను సార్. మొగ దగ్గర చారలు పెట్టాను. వద్దంటే వెనక్కి తిప్పేస్తాను. పది నిమిషాల పని."

ఆయన మొహం మాడింది. ఏదో అనబోయాడు. ఈలోగా మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆయాసం, లిఫ్టుని తిడుతున్న గొంతులు. అధికారులు ముగ్గురు, పదకొండింటికి రావలసినవాళ్ళు పదింటికే వచ్చేశారు. ఇంక పది నిమిషాలెక్కడివి.

సూర్యప్రకాష్ తెర ముందు నిలబడి గాలి చూపించాడు, అలలు చూపించాడు, తుపాను వచ్చినప్పుడు రంగులెలా మారతాయో చూపించాడు. ఆయనకి చెప్పడం బాగా వచ్చు. అధికారులు తలలూపారు. అందులో పెద్దావిడ, జుట్టు నెరిసిన మనిషి, కళ్ళజోడు పైకి తోసుకుని తెర దగ్గరికి వెళ్ళింది.

"ఇక్కడ ఈ చారలేమిటి? తెలియదు అని ఉంది. మీ సాఫ్ట్‌వేర్ ఇంకా పూర్తికాలేదా?"

వినీల కంటే ముందు సూర్యప్రకాష్ నోరు తెరిచాడు, మూశాడు. మింగలేక కక్కలేక ఆయన వినీల వైపు చూశాడు. ఆమె ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన మంచులోని గెడని చూశాడు. కింది సందేశం చూసి, ఎందుకో పైకే చదివాడు.

"మంచు దట్టం. గెడ ఏశా, అల కనబడటల్లా. తెలవదు." అక్కడ ఆయన గొంతు నెమ్మదించింది. "ఎవరూ ఎల్లలా."

"ఎవరిది?" అంది ఆవిడ.

"మొగపాలెంలో కాశీరావుగారని ఉన్నారండి. ఆ చదరం మాకు రాదు మేడమ్. ఆయనకి వస్తుంది" అన్నాడు సూర్యప్రకాష్. ఒక్క క్షణం ఆగి, నేల చూపులు చూస్తూ అన్నాడు, "ఇదివరకు అక్కడ తెలుపు పెట్టామండి. తప్పు చేశాం. ఒకరికి భుజం విరిగింది. అప్పుడాయన మా దగ్గరికొచ్చి అడిగితే, పాత పటాలు లేవని చెప్పాను. ఉన్నాయి."

పెద్దావిడ కళ్ళజోడు దించుకుని, వెనక్కొచ్చి కూర్చుని, తన పుస్తకంలో ఏదో రాసుకుంది. మంచో చెడో ఆవిడ మొహం చూసి చెప్పడం ఎవరి తరం కాలేదు. "ఇలాంటి చదరాలు తీరం మొత్తం మీద ఎన్నున్నాయి?" అని మాత్రం అడిగింది.

"పంతొమ్మిది" అంది వినీల.

"పంతొమ్మిది చోట్లా ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదమ్మా, గెడ వేసేవాళ్ళు."

అప్పుడే సూర్యప్రకాష్ చేతిలో ఉన్న ఫోన్ మోగింది. ఆయన చూసి, మాట్లాడకుండా వినీలకి అందించాడు. ఇంకో ఫొటో. మంచు విడిపోయింది, ఎండ పడింది, వెనక నీళ్ళలో పడవలు వరసగా కదులుతున్నాయి. గెడ కొసన పేరమ్మ పాతకోక పేలిక. కింద ఒకటే వాక్యం.

ఇప్పుడు తెల్లగుడ్డ కట్టానమ్మా. గెడ ఏసే కట్టా.

వినీల కుర్చీలో కూర్చుంది. పంతొమ్మిది చదరాల్లో ఒకదాని మీద, చారలు తీసేసి, చిన్న తెల్లజెండా గుర్తు పెట్టింది. పక్కన టైము వేసి, కాశీరావు అని ఆయన పేరు తెలుగులో, కళ్ళజోడు లేకపోయినా కనబడేంత పెద్ద అక్షరాల్లో రాసింది.